పత్తిగింజల టైరు

నా పెళ్ళి ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే మా ఆయన వెంటనే కారు చక్రం కథ ఎత్తుకుంటాడు. ఆయన చెప్పేదాంట్లో సగం నిజం, సగం మసాలా. ఆ రోజు ఆయన చేసిందల్లా కారులో ఇరుక్కుని కూర్చోవడమే. పెళ్ళికూతురిని నేను కాబట్టి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నదాన్ని నేను కాబట్టి, అసలు సంగతి నేనే చెప్పాలి.

మాది ఎమ్మిగనూరు. మా నాయన గోవిందయ్యకు రెండు మగ్గాలు, ఒక కోపం ఉండేవి. మగ్గాలకైనా అమావాస్యకు సెలవు ఉండేది గానీ కోపానికి ఉండేది కాదు. మా వీధి చివర మా మేనత్త మారెమ్మ ఇల్లు. ఆమెకు పాల వ్యాపారం. ఇంటి నిండా ఎనుములు. గేదెల్ని మా వైపు ఎనుములంటాం. ఆ ఎనుముల మధ్య ఒక్కడే కొడుకు, తిక్కయ్య బావ. నేను పుట్టి పురిటి స్నానం కూడా కాకముందే మా అత్త నన్ను కోడలిగా ఖాయం చేసుకుందట. నన్నెవరూ అడగలేదు, బావనూ అడిగి ఉండరు. అడిగినా ఆయన చెప్పేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి. మనుషులతో ఒక మాట మాట్లాడితే ఎనుములతో పది మాట్లాడేవాడు. అవి కూడా ఆయన మాట తప్ప ఇంకెవరి మాటా వినేవి కావు.

అలా ఉండగా ఆదోని నుంచి ఆంజనేయులు నన్ను చూడటానికి వచ్చాడు. పత్తి మిల్లులో గింజ వేరుచేసే జిన్ను మిషన్ మీద పని. వాళ్ళ వీధిలోనే ఉండే యూసుఫ్ సాబ్ తన పాత కారులో తీసుకొచ్చాడు. పొద్దున రావలసినవాళ్ళు మధ్యాహ్నానికి దిగారు. దారి పొడుగునా తుమ్మముళ్ళు, రెండుచోట్ల పంచర్ అయిందట. ఆంజనేయులు లోపలికి వస్తూనే మా అమ్మను కాస్త కిరసనాయిలు, ఒక గుడ్డపేలిక ఇమ్మని అడిగాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పిల్లను చూడవచ్చి ముందు తన చేతులు చూసుకున్న పెళ్ళికొడుకును నేను అప్పుడే చూడటం. తలుపు వెనక నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ సాయంత్రమే మా అమ్మతో, ఈ మనిషైతేనే చేసుకుంటానని చెప్పేశాను. ఆ రోజుల్లో అలా చెప్పడం మాటలు కాదు.

మా అత్త ఊరుకుంటుందా? తాంబూలాల రోజు అందరి ముందూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పిల్లను చూసేకి వచ్చిన దినమే వీళ్ళ బండికి గాలి పోయె. పెండ్లి దినం గూడా ఆ తుమ్మసెట్ల కింద చక్రం ఇప్పుకోని కూసుంటారు. ముహూర్తానికి పిల్లోడు రాకపోతే నా కొడుకును పీటమింద కూసోబెడ్తా. ఒప్పుకుంటావా అన్నా?"

మా నాయన "అట్లే కానీ పో" అనేశాడు. కోపంలో దేనికైనా ఒప్పుకునే మనిషి ఆయన. కోపం దిగాక మాట తప్పని మనిషి కూడా ఆయనే. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే ఇంట్లో ఆడపిల్లకు నిద్ర పడుతుందా?

పోనీ పెళ్ళికొడుకు ముందురోజే వచ్చి దిగుతాడా అంటే అదీ కుదరదు. పెళ్ళినాడు పొద్దున ఇలవేలుపుకు నీళ్ళు పోసిగానీ వాళ్ళింటి పెళ్ళికొడుకు ఊరు దాటకూడదట. చుట్టాలంతా ముందురోజు లారీలో వస్తారు, ఆయన పెళ్ళినాడు కారులో రావాలి. కారు అంటే యూసుఫ్ సాబ్ కారే.

మా అత్త మాట ఆదోనికి చేరింది. యూసుఫ్ సాబ్‌కు రోషం వచ్చింది. తన కారు వల్ల పెళ్ళి తప్పితే మళ్ళీ స్టీరింగ్ ముట్టనని ఒట్టు పెట్టుకుని, మార్కెట్ యార్డు పక్కన టైర్ల పని చేసే పీరా సాబ్ దగ్గరికి పోయాడు. పీరా సాబ్ ఆలోచనాపరుడు. గడ్డం నిమురుకుంటూ చాలాసేపు కారు చుట్టూ తిరిగి, తప్పు ముళ్ళది కాదు, గాలిది అని తేల్చాడు.

"గాలి ఉంటేనే గదా యూసుఫ్ భాయ్ పోయేది. గాలే ల్యాకుంటే ఇంగ పోయేకి ఏముంది?"

అంతే, పని మొదలైంది. కారు సొంత చక్రాలు సన్నవి, అందులో ఏం కూరినా నిలవదని గుంతకల్లు పాత ఇనుము అంగడి నుంచి నాలుగు జీపు చక్రాలు తెచ్చాడు. వాటి బోల్టు రంధ్రాలు కారుకు సరిపోలేదు. కొత్త రంధ్రాలు వేశాడు. టైర్లు మడ్‌గార్డుకు తగిలితే మడ్‌గార్డును సుత్తితో వెనక్కి కొట్టాడు. చక్రాలు బిగించాక కారు మునుపటికన్నా జానెడు ఎత్తు లేచింది. యూసుఫ్ సాబ్ ఎక్కడానికి కాలు పైకెత్తాల్సి వచ్చిందని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

ట్యూబు తీసేసి అందులో ఏం నింపాలన్నది తర్వాతి సమస్య. ముందు గుడ్డపేలికలు కూరారు. నాలుగు వీధులు తిరిగేసరికి అవన్నీ ఒకచోట ఉండకట్టి కారు కప్పలా గెంతింది. పత్తి కూరితే అణిగిపోయింది. అప్పుడు ఆంజనేయులుకు ఆలోచన వచ్చి మిల్లు నుంచి పత్తిగింజలు తెచ్చాడు. గట్టిగా, నున్నగా, సందుల్లోకి జారిపోయే గింజలు. అయితే చక్రం తిరిగితే అవీ లోపల దొర్లడం మొదలుపెట్టాయి. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, పీరా సాబ్ భార్య అక్బర్‌బీ చాయ్ తెచ్చి ఇచ్చి, పాకం పట్టకుండా ఉండ ఎక్కడ నిలుస్తుందని అడిగింది. ఆమె నువ్వుండలకు ఆదోనిలో పేరు. అడగడమే కాదు, బెల్లం పాకం కూడా ఆమే పట్టి ఇచ్చింది.

పాకంలో కలిపిన పత్తిగింజల్ని టైర్లలో పోసి, గడ్డపారతో కూరి కూరి బిగించారు. ఆరాక టైరు మీద సుత్తితో కొడితే చెయ్యి అదిరిందట. ఊరవతల బండెడు తుమ్మకంప తెచ్చి రోడ్డు మీద పరిచి దాని మీద కారు నడిపారు. కంప నుజ్జయింది, కారుకేమీ కాలేదు. పీరా సాబ్ చూడవచ్చిన వాళ్ళందరికీ చాయ్ పోయించాడు.

ఇంతమంది ఇన్ని ఆలోచించారు గదా, ఒక్క సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా ప్రాంతంలో ఈనిన ఎనుముకు పెట్టేది ఏమిటి? నానబెట్టిన పత్తిగింజలు, అందులో ఇంత బెల్లం. పాలు పడటానికి అంతకు మించిన దాణా లేదు. ఇది పసిపిల్లను అడిగినా చెబుతుంది. కానీ వాళ్ళు టైరు గురించి ఆలోచిస్తున్నారు, దాణా గురించి కాదు.

పెళ్ళినాడు వైశాఖం ఎండ పొద్దున్నే పెళపెళలాడింది. ఆంజనేయులు బాసికం కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కారు ఆదోని దాటింది. ముళ్ళు గుచ్చుకుంటున్నా లెక్కలేదు. యూసుఫ్ సాబ్ హుషారు పట్టలేక ఖవ్వాలీ ఎత్తుకున్నాడట. సగం దారిలో ఒక పదునైన రాయి వెనక చక్రాన్ని బెత్తెడు మేర చీల్చింది. ఇంకే కారైనా అక్కడే కూలబడేది. ఇది ఆగలేదు. దిగి చూసి, చీలికను చేత్తో తడిమి, యూసుఫ్ సాబ్ ఆ చక్రానికి ముద్దు పెట్టాడని మా ఆయన ఒట్టేసి చెబుతాడు. ఇది మసాలా కాదనే నా నమ్మకం.

ఆ చీలికలోంచి, రోడ్డు వేడికి పాకం కరిగి, గింజలు కొద్దికొద్దిగా రాలడం మొదలుపెట్టాయి. తీపి వాసన గాలిలో పడింది. ఎమ్మిగనూరు ఇక రెండు మైళ్ళు ఉందనగా కాలువ దగ్గర మేపుకు తోలిన ఎనుముల మంద తలలెత్తింది. అవి మా అత్త ఎనుములే. పెళ్ళని ఆ పొద్దు వాటి వెంట ముసలి కాపరిని పంపారు. వాటిని ఆపడం ఆ ముసలాయన వల్ల అయ్యే పనా? అన్నీ రోడ్డెక్కి కారును చుట్టుముట్టాయి. ఒకటి మడ్‌గార్డు కింద తల దూర్చి చీలికలోకి నాలుక పెట్టింది. మిగిలినవి తమ వంతు కోసం తలుపులకు ఒరిగి నిలబడ్డాయి. అటు తలుపు తెరుచుకోదు, ఇటు తలుపు తెరుచుకోదు. కదిలిస్తే ఎనుము చక్రం కింద పడుతుంది. యూసుఫ్ సాబ్ హారన్ మోగించాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

ఇక్కడ పందిట్లో నేను గౌరీపూజ పీట మీద తల వంచుకుని ఉన్నాను. వంచిన తలకు కనిపించేవి కాళ్ళు మాత్రమే. మా నాయన కాళ్ళు వీధిలోకి, పందిట్లోకి తిరుగుతున్నాయి. మా అత్త కాళ్ళు ఒకేచోట నిమ్మళంగా ఉన్నాయి. ఆమె పక్కన పట్టుపంచె అంచు కింద తిక్కయ్య బావ కాళ్ళు. పొద్దున్నే తలంటి, కొత్త పంచె కట్టబెట్టి కొడుకును స్తంభం పక్కన సిద్ధంగా కూర్చోబెట్టింది ఆమె.

ముహూర్తం దగ్గర పడుతుండగా మా మగ్గాల మీద పనిచేసే పుల్లన్న సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చి వార్త చెప్పాడు. కాలువ దగ్గర కారుకు ఎనుములు అడ్డం పడ్డాయి, కట్టెలతో కొట్టినా కదలడం లేదు, పెళ్ళికొడుకు దిగే దారే లేదు. ఎవరి ఎనుములో చెప్పనక్కర్లేదు. ఎవరు పిలిస్తే వస్తాయో కూడా చెప్పనక్కర్లేదు. మా నాయన కాళ్ళు బావ వైపు రెండడుగులు వేసి, చేసిన ఒప్పందం గుర్తొచ్చి వెనక్కి మళ్ళాయి. చెల్లెలి కొడుకును పొమ్మని ఏ మొహంతో అడుగుతాడు? మా అత్త కొడుకు చెయ్యి పట్టుకుని, చెమట పోసిందేమో మొహం కడుక్కుని రమ్మంది.

ఆ పట్టుపంచె అంచు లేచింది. బావ కాళ్ళు నా ముందునుంచి దాటిపోయాయి. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చోబోతున్నాడనే అనుకున్నాను. గౌరమ్మ మీద గుప్పెడు కుంకుమ వేశాను. అమ్మా, ఆ మనిషి రాకపోతే నేను బతకనని కాదు, బతుకుతాను, కానీ నవ్వుతూ బతకను, అని మొక్కుకున్నాను. పురోహితుడు గొంతు తగ్గించి మంత్రాలు సాగదీస్తున్నాడు. ఆయనకూ జాలి కలిగినట్టుంది.

బావ దొడ్లోకి పోలేదు. పుల్లన్న సైకిలెక్కి పోయాడు. కాలువ దగ్గర దిగి, పంచె ఎగగట్టి, నాలుక మడిచి ఒక్క కూత వేశాడట. మడ్‌గార్డు కిందనుంచి ఆ తల బయటికొచ్చింది. ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన సైకిలు మీద ముందు, ఎనుములు వెనక, వాటి వెనక కారు. మేళగాళ్ళు ఆ వరస చూసి ఏం వాయించాలో తోచక వాయించడమే మానేశారు. మా వీధిలో అంత గొప్ప ఊరేగింపు మళ్ళీ జరగలేదు.

ముహూర్తం మించలేదు. ఆంజనేయులు పందిట్లోకి అడుగుపెట్టాడు. జనం అటు తోసుకుపోతుంటే మా అత్త ఇటు కొడుకు భుజం పట్టుకుని, నా పీటకు మూరెడు దూరంలోనే, పళ్ళు కొరుకుతూ అడిగింది.

"ఊరికే కూసోనుంటే పిల్ల నీదయ్యేది గదరా. నిన్నెవరు పొమ్మన్యారు?"

బావ రొప్పుతూనే ఉన్నాడు. పట్టుపంచె నిండా బురద. ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా నేను అంతకుముందు వినలేదు.

"నన్ను కూసోమన్యది ఆయప్ప రాకపోతే అని గదమ్మా. ఆయప్ప వచ్చినాడు, దారిలో ఉండాడు. తెల్సి తెల్సి రాల్యాదని ఎట్ల కూసునేది?"

మా అత్త భుజం వదిలేసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా వీధి మనిషి, పుట్టిన్నాటి నుంచీ చూస్తున్న మనిషి. ఎంతటివాడో ఒక్కనాడూ చూడలేదు. పెళ్ళికూతురు తల ఎత్తకూడదని తెలిసీ తలెత్తి నిండా చూశాను. అది చూసి ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పెళ్ళికొడుకును చూడటానికి పిల్లకు ఎంత తొందరో అన్నారు. ఆంజనేయులు కూడా అలాగే అనుకుని సిగ్గుపడ్డాడు.

నేను చూసింది తిక్కయ్య బావను.