కణాల మధ్య తలుపులు

రక్తనాళం లోపలి గోడకు పరుచుకుని ఉండే కణాలు ఇరుగుపొరుగు అమ్మలక్కల్లాంటివి. ఒకరి కబురు ఒకరికి అందనిదే పొద్దు గడవదు. కబురు దాటడానికి వాటి మధ్య సన్నటి తలుపులుంటాయి. వాటిని కట్టే ప్రొటీన్ పేరు కనెక్సిన్. కట్టిన తలుపు కట్టినట్టే ఉండిపోదు. పూట తిరక్కముందే కణం పాతది ఊడదీసి కొత్తది పెట్టుకుంటుంది. రక్తం నిలకడగా పారితే తలుపులు నిండుగా ఉంటాయి, పారకం ఆగితే తరిగిపోతాయి.

ఈ తలుపుల కోసమే పిచిక ల్యాబులో కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. ఒకచోట నిలవని పిల్ల కనుక ఆ పేరు తోటివాళ్లే పెట్టారు. గాజు పలకల్లో కణాలు పెంచి, వెచ్చటి పెట్టెలో ఉంచి, వాటి మీదుగా పంపుతో పోషక ద్రవం పారిస్తారు. సగం పలకలకు, తలుపులు పెంచుతుందేమోనని ఒక కొత్త మందు వేశారు. వాటి బాధ్యత తాటిచెట్టంత పొడుగున్న సీనియర్ అన్నయ్యది. మందు వేయనివి పిచికవి.

చివర్లో రంగు వేసి చూస్తే మందు పలకల్లో తలుపులు చుక్కల్లా మెరిశాయి. పిచికవాటిలో అక్కడొకటి, ఇక్కడొకటి. ల్యాబు నడిపే మేడం పొంగిపోయి, మరునాటి శాస్త్రవేత్తల సభలో ఈ సంగతి పిచికే చెప్పాలనీ, అది బాగుంటే ఉద్యోగం ఖాయం చేయిస్తాననీ అంది.

సభకు సిద్ధమవుతూ, పలకలను ఎన్నిసార్లు బయటికి తీసి చూశారని పిచిక అన్నయ్యను మాటవరసకు అడిగింది.

"తియ్యడమెందుకు? ఉయ్యాల్లో పిల్లాడా, ఊరికే తొంగిచూడ్డానికి? పెట్టి పోయా, చివర్లో వచ్చి తీశా."

పిచిక రాస్తున్న కాగితం పక్కన పెట్టేసింది. తను మాత్రం బెంగ ఆపుకోలేక వచ్చినప్పుడల్లా పంపు ఆపి, పలకను మైక్రోస్కోప్ కింద పెట్టి, పిల్లల ముఖం చూసినట్టు చూస్తూ ఉండిపోయేది. పారకం ఆగితే ఏమవుతుందో తెలిసి కూడా!

"తలుపుల్ని మందు పెంచలేదన్నయ్యా. నేనే తగ్గించానేమో."

"అయితే గెలిచింది నా బద్ధకమన్నమాట," అని నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. సభ కానిచ్చి తర్వాత చూసుకుందాం, ఎవరికి తెలుస్తుందిలే అని నచ్చజెప్పాడు. ఈ మందు మీద ఆశ పెట్టుకుని ఎక్కడో ఎవరో మింగుతారు కదా అనుకుంది పిచిక. లేచి మేడం గదికి వెళ్లింది.

అంతా విని మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు నువ్వు మాట్లాడొద్దు. ఉద్యోగం సంగతి నేనేం చెప్పలేను. మళ్లీ మొదలుపెట్టు, ఈసారి ఆ వెచ్చటి పెట్టెకు తాళం వేసి తాళంచెవి నాకియ్యి."

పెట్టె తెరిచి రంగు వేసి చూసిన రోజున రెండు రకాల పలకలూ ఒక్కలాగే నిండా చుక్కలతో మెరిశాయి. మందుకూ మంచినీళ్లకూ తేడా లేదు. ఏడాది చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది. అన్నయ్య ఏదో ఓదార్పు చెప్పబోయాడు గాని పిచిక మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు. తన కణాలకు అన్ని తలుపులున్నాయని ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.