సముద్రం అడుగున లేని గుడి

నేను ఒక గాలి సిలిండర్‌ని. చూసినవాళ్లంతా ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ, నాలో కూరింది మీరు పీల్చే మామూలు గాలే. ఫ్యాక్టరీలో అల్యూమినియం ముద్దను నొక్కి నన్ను చేశారు. మెడ మీద నంబరు కొట్టి, విశాఖ తీరంలో స్కూబా డైవింగ్ నేర్పే ఒక కేంద్రానికి పంపారు.

ఎందరో నన్ను సరదాకు వీపున కట్టుకున్నారు. నూకరత్నం బతుకుతెరువుకు కట్టుకుంది. నలభై దాటాక చేపల గంప దించి డైవింగ్‌కు వచ్చిన మనిషి. మొదటిరోజు భయంతో, గంటసేపు రావలసిన గాలిని పావుగంటలో పీల్చేసింది. ఆరు నెలలు తిరిగేసరికి టూరిస్టుల చెయ్యి పట్టుకుని కిందికి దింపే స్థాయికి ఎదిగింది.

అంతలో ఎన్నికలొచ్చాయి. ఆ ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో పురాతన ఆలయం మునిగి ఉందని, తనను గెలిపిస్తే అక్కడ చేపల వేట ఆపించి పుణ్యక్షేత్రం చేస్తానని భూషణరావు అనే అభ్యర్థి ప్రకటించాడు. రుజువు కావాలి కదా. కొత్తగా చెక్కించిన విగ్రహానికి నాచు పూయించి, గుడ్డలో చుట్టి నూకరత్నానికి ఇచ్చాడు. కెమెరాల కంట పడకుండా దాన్ని కిందికి తీసుకెళ్లి, వాటి ఎదుట పైకి తేవాలి. కాదంటే పని పోతుందని కేంద్రంవాళ్లు చెప్పారు.

ఆమె దిగింది. అడుగున ఇసుకలో మోకాళ్లూని, విగ్రహాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆమె పీల్చిన ప్రతి ఊపిరీ నాలోదే కనుక నాకు తెలుసు, ఏడ్చింది. వదిలేద్దామంటే దేవుడు. పైకి తెద్దామంటే అబద్ధం.

చివరికి పైకి వచ్చి, అందరూ చూస్తుండగా విగ్రహాన్ని భూషణరావు చేతుల్లో పెట్టింది.

"మీ సామిని మీకాడే ఉంచుకోండి బాబూ. నేనే అట్టుకెళ్లాను, నేనే అట్టుకొచ్చాను. కిందన గుడి నేదు."

ఆ మాట ఏ టీవీలోనూ రాలేదు. అతను గెలిచాడు. ఆమె పని పోయింది. దేవుణ్ణి కాదందని ఆమె ఉండే జాలరిపేటవాళ్లు మాటలు మానేశారు. తీరా అక్కడ వేట నిషేధించాక, వాళ్లే వచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చున్నారు. ఆమె ఎవరినీ ఎత్తిపొడవలేదు. చూసింది చూసినట్టు చెప్పడానికి వాళ్లతో కలిసి కలెక్టరాఫీసుకు వెళ్లింది. ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను ప్రెషర్ పరీక్షలో తప్పి తుక్కు దుకాణం చేరాను. మొన్న పడవ ఇంజనుకు ఉండే ఫ్యాను విరిగితే అమ్మడానికి వచ్చిన నూకరత్నం, నా నంబరు చూసి గుర్తుపట్టి, అరచేత్తో ఒకసారి నిమిరింది. కింద నిజంగానే గుడి లేదా అని దుకాణదారు అడిగాడు.

ఆమె నా మీది చెయ్యి తీయకుండానే చెప్పింది.

"ఉంటే అందరికన్నా ముందు నేనే దణ్ణమెట్టుకుందును బాబూ."