ముద్ర పడని కాగితం

నేను ఒక నోటరీ ముద్రను. రబ్బరు స్టాంపు అనుకునేరు, కాదు. సిరా ప్యాడు మీద మొహం అద్దుకుని బతికే రకం కాదు నేను. బరువైన ఇనుప ఒళ్లు, పొడుగాటి పిడి, రెండు దవడలు. మధ్యలో కాగితం పెట్టి పిడి నొక్కితే అక్షరాలు ఉబికి వస్తాయి. చదువు రానివాళ్లు కూడా వేలితో తడిమి, పడిందని తెలుసుకుంటారు. ఇన్ని గొప్పలేమిటా అనుకోకండి. చెప్పుకోవడానికి నాకు ఇంకేం మిగిలింది గనక!

పుట్టింది హైదరాబాదు కోఠీ దగ్గర ఒక ఇరుకు దుకాణంలో. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకున్న ఓ ముసలాయన నా మొహాన అక్షరాలన్నీ తిరగేసి చెక్కాడు. తీసుకెళ్లింది జనగామ వకీలు దామోదర్ గారు. కోర్టు ఎదురు వీధిలో, జిరాక్సు షాపు పక్కన ఆయన గది. ఇరవై ఆరేళ్లు ఆయన బల్ల మీదే ఉన్నాను.

నా జాతి పాపాలు నేను దాచను. మనిషి మొహం చూడకుండానే కాగితాల కట్టలకు కట్టలు నొక్కించుకున్న ముద్రలు ఆ వీధిలోనే నాలుగైదు ఉన్నాయి. 'నా ఎదుట సంతకం చేశారు' అని రాసి ఉంటుంది, ఎదుట ఈగ కూడా ఉండదు. అలాంటి వాటి వల్లే జనానికి మా మీద నమ్మకం పోయింది.

దామోదర్ గారు అలా కాదు. సంతకం పెట్టే మనిషిని ఉంచి మిగతా అందరినీ బయటి బెంచీ మీదికి పంపేసేవాడు. తలుపు వేసి, మంచినీళ్లిచ్చి, "ఈ కాయితంల ఏమున్నదో నీ మాటల్ల చెప్పు" అనేవాడు. చెప్పలేకపోతే నా పిడి ముట్టుకునేవాడు కాదు. బయట చుట్టాలు గొణుక్కుంటుంటే నాకు భలే సరదాగా ఉండేది.

అలా వచ్చిందే కొంరవ్వ. భర్త పోయాడు, పిల్లలు లేరు. బస్టాండు వెనక రెండు గదుల రేకుల ఇల్లు, ముందు గదిలో కుట్టు మిషను, అదే ఆమె లోకం. మరిది ఐలయ్య ఆమెను వెంటబెట్టుకుని ఒక అఫిడవిట్ పట్టుకొచ్చాడు. ఇల్లు అతని పేరుకు మార్చడానికి ఆమెకు అభ్యంతరం లేదని అందులో ఉంది. తలుపు వేశాక దామోదర్ గారు అడిగాడు.

"కరెంటు మీటరు కోసమన్నడు సారూ" అంది కొంరవ్వ.

ఆయన చదివి వినిపించాడు. ఆమె గ్లాసు కింద పెట్టేసి, కాగితాన్ని దూరంగా నెట్టింది. తేరుకున్నాక నా వైపు చూసి, "గిదేంది సారూ?" అని అడిగింది.

"ముద్ర. ఇది పడితేనే కాయితం చెల్లుతది. నువ్వు మనసుల వద్దనుకున్నదాని మీద ఇది పడది, ఫికరు చెయ్యకు."

కాగితం చింపేశాడు. ఐలయ్య మొహం మాడ్చుకుని పోయాడు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ఫోన్‌లో మొహం చూపించాలి, ఆధార్ నంబరు ఇవ్వాలి, ఓటీపీ చెప్పాలి. నోటరీ తన కుర్చీలోంచి కదలకుండానే వేలితో ఒక్క నొక్కు నొక్కితే కాగితం చెల్లిపోతుంది. నిజం చెప్పాలి కదా, మొదట్లో నేనూ మెచ్చుకున్నాను. ఆసుపత్రి మంచం మీద ఉన్న ఒక డ్రైవరు అక్కణ్నుంచే సంతకం పెట్టాడు. పాత రోజుల్లో అయితే స్ట్రెచరు మీద మోసుకొచ్చేవాళ్లు. మోకాళ్ల నొప్పులతో దామోదర్ గారికీ అది హాయిగానే ఉంది.

పోయిన వానాకాలం కొంరవ్వ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఐలయ్య తన ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టాడు. పది రోజులకు దామోదర్ గారి ల్యాప్‌టాప్‌లో ఆమె మొహం కనిపించింది. అదే ఇల్లు, అదే కాగితం. నేను పక్కనే ఉన్నాను, అంతా విన్నాను.

"కాయితంల ఏమున్నది కొంరవ్వా?"

"ఇల్లు మా మరిది పేరు మీదికి మార్చుటకు నాకు అభ్యంతరం లేదు" అంది, గడగడా అప్పజెప్పినట్టు.

"నీ పక్కన ఎవరన్న ఉన్నరా?"

ఆమె కళ్లు ఒకసారి పక్కకు వెళ్లొచ్చాయి. "ఎవ్వల్లేరు సారూ."

దామోదర్ గారు ఆగాడు. బయటికి పొమ్మనడానికి అక్కడ ఆయనకు ఎవరూ కనపడటం లేదు, వేయడానికి తలుపూ లేదు. మొహం సరిపోయింది, నంబరు సరిపోయింది. వద్దు సార్, వద్దని నేను ఇనుప నోటితో ఎంత అరిస్తే ఏం లాభం? ఆయన వేలు కిందికి దిగింది. నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

రెండు నెలల తర్వాత కొంరవ్వ చేతికర్రతో కుంటుకుంటూ వచ్చింది. ఇంటికి ఐలయ్య తాళం వేశాడట, కుట్టు మిషను బయట పెట్టాడట. అయినా ఏడవడం లేదు. పైగా ధీమాగా ఉంది.

"వాడు పక్కకే కూసున్నడు సారూ. కాదంటే ఆ ఇంట్ల నాకు బువ్వ పెడ్తరా? అందుకే వాడు నేర్పినట్టే చెప్పిన. ముద్దర పడలే గద, ఏం కాదనుకున్న. వచ్చి జర వానికి చెప్పు."

దామోదర్ గారు ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "నీ మొహం, నీ మాట, నీ నంబరు అన్నీ ఉన్నయి కొంరవ్వా. ముద్ర లేకున్నా చెల్లుతది. తప్పు నాది. నేనే కేసు వేస్త" అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది. వేలితో నా పిడి తడిమింది. పెద్దాయన ఏదో కంగారులో మాట్లాడుతున్నాడనుకుందో ఏమో, ఆయనకే ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది.

"కేసులెందుకు సారూ, నువ్వు పరేషాన్ కాకు. వాడు మల్ల కాయితం తెస్తే నువ్వు మాత్రం ముద్దర ఎయ్యకు. గంతే."

దామోదర్ గారు తల దించుకున్నాడు. "ఎయ్య కొంరవ్వా" అన్నాడు.

ఆమె నిశ్చింతగా మెట్లు దిగి, తాళం వేసిన ఇంటి వైపు నడిచింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయన ఏమీ చేయనక్కర్లేదు. ఐలయ్యకు ఇక నాతో పనే లేదు.