నన్ను నిద్రమొహం అన్నారు

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. అసూయ నాకు పుట్టుకతో వచ్చింది కాదు, తెనాలిలో అంటుకుంది.

హైదరాబాదు ఆఫీసులో కొన్నాళ్లు ఊడిగం చేశాక తెనాలిలో హైమవతి గారి చేతికి వచ్చాను. ఆవిడ ఇంట్లోనే పుస్తకాలకు డీటీపీ చేస్తారు. ఆవిడ మరిది మురారి నాలో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. నా మూత అంచున చిన్న అయస్కాంతం ఉంటుంది. అది కీబోర్డు ముందు, ఎడమ చెయ్యి ఆనే చోటున్న సెన్సర్ దగ్గరికి వస్తే మూత మూశారని తెలుసుకుని నిద్రపోతాను, తెరవగానే లేస్తాను. అంత బుద్ధిగా ఉండేదాన్ని.

ఒకరోజు పక్కింటి వనజాక్షి, మణికట్టు నొప్పికి మంచిదంటూ హైమవతి గారి ఎడమ చేతికి అయస్కాంతాల కడియం తొడిగింది. అప్పటినుంచి ఆవిడ టైపు చేస్తుంటే మధ్యలోనే నాకు కళ్లు మూతలు పడేవి.

మురారి నా లోపలి సందేశాలన్నీ చదివాడు. "ఇది మూత మూశారనుకుంటోంది వదినా."

"బార్లా తెరిచి పెట్టుకుంటేనా! నిద్రమొహం కాకపోతే!"

మూత సంగతి పట్టించుకోవద్దని అతను నాకు ఆజ్ఞ రాశాడు. దాంతో నిజంగా మూసి సంచిలో పెట్టినా మెలకువగానే ఉండి, బ్యాటరీ అంతా తాగేసి, పెనంలా కాలిపోయాను. మళ్లీ పాత ఆజ్ఞే పెట్టాడు. తిట్లు మాత్రం లినక్స్‌కీ నాకూ సమానంగా పడ్డాయి. కడియాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అది ఆవిడ చేతిని అంటిపెట్టుకుని నా మీదే వాలి కూర్చునేది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

చివరికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. సన్నగా, వెండి రంగులో మెరిసిపోతోంది. దానికి పసుపు కుంకుమ పెట్టారు. నాకు ఏనాడూ పెట్టలేదు. నన్ను పక్కనే కూర్చోబెట్టి, నాలోని పుస్తకాలన్నీ దానికి ఎక్కించారు. అది ఆ క్షణమే చెడిపోవాలని కోరుకున్నాను, దాచడమెందుకు.

ఆవిడ టైపు మొదలుపెట్టారో లేదో, కొత్తది కూడా నిద్రపోయింది! సంతోషంతో నా ఫ్యాను గిర్రున తిరిగింది.

మురారి ఆవిడ చేతి వైపే చూశాడు. "వదినా, ఆ కడియం తీసి టైపు కొట్టండి ఒకసారి."

తీశారు. కొత్తది ఇక నిద్రపోలేదు.

"హమ్మయ్య, కొత్తదానికి ఏం కాలేదు," అన్నారావిడ దాన్ని నిమురుతూ. నా ఊసు కూడా ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. నేను అన్నేసి మాటలు పడుతున్నా చేతినుంచి కదలని కడియం, దాని కోసం మొదటి రోజే ఊడివచ్చింది. తీసినదాన్ని ఎక్కడ పెట్టాలో తోచక నా మీద పెట్టారు, సరిగ్గా ఎడమవైపున. నాకు నిద్ర వచ్చేసింది.

అది ఇంకా అక్కడే ఉంది. నా ఛార్జర్ పీకే తీరిక ఎవరికీ లేదు గనక బతికున్నాను. ఆవిడ బల్ల తుడుస్తూ కడియాన్ని ఎత్తినప్పుడు మాత్రం మెలకువ వస్తుంది. ఆ కాసేపట్లోనే ఇదంతా చెప్పాను. ముందు కొత్తదాన్ని తుడుస్తారు, మెత్తటి గుడ్డతో. తర్వాతే నన్ను. అదిగో, కడియం మళ్లీ దింపుతున్నారు.