బీడింగు కింద ఎర్ర రంగు

"బండ్ల గురించి నీకేం తెలుసని?" అన్నాడు డ్వేన్, ఫోను తిరిగి భార్య చేతిలో పెడుతూ.

రోవెనా అప్పుడు సాసేజీ వేయించిన పెనంలో పిండి, పాలు పోసి గ్రేవీ కలుపుతోంది. శనివారం పొద్దున మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ కడుపులో పడందే డ్వేన్ షెడ్డుకు కదలడు. కలపడం ఆపితే ఉండలు కడుతుంది కాబట్టి ఆమె జవాబు చెప్పకుండా కలుపుతూనే ఉంది. మామూలుగా ఆమె ఏం చూపించినా ఇలా చూసి అలా ఇచ్చేసే మనిషి, అమ్మకానికి పెట్టిన ఈ బండి ఫోటోని మాత్రం వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాడు. ఆ సంగతి ఆమె గమనించింది కానీ, ఎందుకో ఆలోచించలేదు.

"సాల్వేజ్ బండి అది. మనకొద్దు, వదిలెయ్" అన్నాడు.

నిజానికి ఆమెకు నవ్వు రావాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది సాల్వేజ్ బండ్ల మీదే. గుద్దుకున్న బండిని బాగుచేయించడం దండగ అని ఇన్సూరెన్సు వాళ్ళకు తోస్తే, అది చచ్చిందని రాసి బండి టైటిల్ కాగితం మీద సాల్వేజ్ ముద్ర కొట్టేస్తారు. డ్వేన్ అలాంటివాటిని వేలంలో పాడి తెచ్చి, ఇంటి వెనకాల టింకరింగ్ షెడ్డులో నిలబెట్టి అమ్ముతాడు. ఊళ్ళోవాళ్ళకు పనికొచ్చే బండి పెళ్ళానికి ఎందుకు పనికిరాదో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే ఏం వస్తుందో ఆమెకు తెలుసు. పెద్ద నిట్టూర్పు, ఆ తర్వాత రోజంతా మూతి ముడుచుకుని ఉండటం.

షెడ్డులో సొట్టలు లాగేది డ్వేన్. లప్పం పెట్టి, అరగదీసి, అద్దాలకీ రబ్బరు బీడింగులకీ టేపు వేసి, రంగు కలిపి, ఆఖరి రెండు పూతలు కొట్టేది రోవెనా. "ప్రూయిట్ రంగు వేస్తే గీత కనిపెట్టలేం" అని ఓహాయోలో వాళ్ళ జిల్లా అంతా అంటుంది. ప్రూయిట్ అంటే డ్వేన్ అనే అనుకుంటారు. ఫోను ఆమె ఎత్తితే "డ్వేన్ లేడా?" అంటారు. ఏ బండికి ఏ రంగు నంబరో ఆమె నోటికి చెప్పగలదు, అయినా "అతను వచ్చాక మళ్ళీ చేస్తాంలే" అని పెట్టేస్తారు. మొదట్లో అది గుచ్చుకునేది. తర్వాత "డ్వేన్ చేశాడండీ" అని ఆమే చెప్పడం మొదలుపెట్టింది. అలా చెబితే మాట తొందరగా తెమిలేది.

పోయిన నెల నలభై మైళ్ళ దూరంలో ఉన్న వృత్తివిద్య స్కూల్లో, రంగుల గదిలో పిల్లలకు పని చూపించే మనిషి కావాలంటే ఆమె ఎవరికీ చెప్పకుండా అర్జీ పెట్టింది. అనుభవం ఎంత అన్నచోట పంతొమ్మిదేళ్ళు అని రాసింది. జీతం తీసుకున్న కాగితం ఏదైనా ఉందా అన్నచోట ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేసింది. ఆ స్కూలాయన మంచివాడు. "సోమవారం ఏడింటికల్లా మీరు చేసిన పని ఏదైనా తీసుకురండి. చూసి, నచ్చితే ఆ రోజు నుంచే చేరుదురుగాని" అన్నాడు. ఈ సంగతి విని డ్వేన్ పెద్దగా కోప్పడలేదు. "సరదాకి నాకు సాయం చేసినదాన్ని అనుభవం అంటే నవ్వుతారే" అన్నాడు. "ట్రక్కు ఖాళీగా ఉన్న రోజు నేనే దింపుతాలే" అని కూడా అన్నాడు. పన్ను పీకించుకోవాలన్నా, అక్కను చూడాలన్నా, వేలం బండ్లు మోసుకొచ్చే ఆ ట్రక్కు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పంతొమ్మిదేళ్ళు చూసింది ఆమె. సొంత బండి లేకపోతే ఆ ఉద్యోగం లేనట్టే. ఆమె దాచుకున్న డబ్బుకు ముద్ర పడ్డ బండే వస్తుంది.

బండి దగ్గరికి ఆమెను తీసుకెళ్ళింది అత్తగారు ఆర్లీన్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, స్టీరింగును రెండు చేతులతో వాటేసుకుని తోలుతుంది.

"డ్వేన్‌ని ఒకసారి వచ్చి చూడమంటే పోయేదిగా అమ్మాయ్. ఆ అమ్మేవాళ్ళు మనల్ని చూసి ఏమనుకుంటారు, మగదిక్కు లేనట్టు" అంది దారి పొడుగునా.

అమ్మేది కూడా ఆడమనిషే. గ్వెన్ టాల్బట్ అని, ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలి మానుకుంది. ఇంటి ముందు కంకర మీద బండి కడిగి పెట్టింది. బూడిదరంగు, నాలుగు తలుపులు. "నేను కొని ఏడాది కాలేదు. మళ్ళీ రోడ్డెక్కే ముందు పోలీసు తనిఖీ కూడా అయింది" అని కాగితాలు చూపించింది. ఆ తనిఖీలో పోలీసులు చూసేది దొంగ సామాను ఉందా అని. పని సరిగా చేశారా లేదా అన్నది వాళ్ళకు పట్టదు. అది రోవెనాకు తెలుసు.

ఆమె జేబులోంచి అయస్కాంతం తీసి పక్క రేకుల మీద అంటించి చూసింది. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. అన్నిచోట్లా పట్టింది. కార్పెట్టు ఎత్తి వాసన చూసింది, నీళ్ళలో మునిగిన బండి కాదు. బానెట్ కింద చట్రం పక్క బద్దీలు తిన్నగా ఉన్నాయి. అంతవరకూ మనసు తేలిగ్గానే ఉంది. తర్వాత డ్రైవరు తలుపు తీసి, కీలు దగ్గర రబ్బరు బీడింగు గోటితో లేపింది.

కింద గోరంత ముక్కోణంలో ఎర్ర రంగు.

టేపు పీకేటప్పుడు సులువుగా ఉంటుందని ఆమె కొసను ముక్కోణంగా మడుస్తుంది. ఆ మడత కింద పాత రంగు మిగిలిపోతుందని డ్వేన్ ఎన్నిసార్లు విసుక్కున్నాడో లెక్కలేదు. ఇంకెవరూ అలా మడవరు. ఈ తలుపు ఒక ఎర్ర బండిది. రెండేళ్ళ కిందటి చలికాలంలో దీనికి బిగించి, బూడిదరంగు కొట్టింది తనే. బండి ముందు జాలీ వైపు చూసింది. అసలుది దొరక్క డ్వేన్ వేరే మోడల్ది కోసి అతికించినదే అది. పొద్దున అతను ఫోటో పెద్దది చేసి చూసింది దానికోసమే.

ఆమె సీట్లో కూర్చుని తాళం తిప్పింది. డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగాయి. ఎయిర్‌బ్యాగు బొమ్మ మాత్రం వెలగలేదు. సరైన బండిలో అది ఒక్క క్షణం వెలిగి ఆరిపోవాలి.

అప్పుడు గుర్తొచ్చింది. పేలిపోయిన బ్యాగుల స్థానంలో డ్వేన్ వట్టి మూతలు బిగించాడు, డాష్‌బోర్డు వెనక ఆ బల్బు పీకేశాడు. "ఎవడు చూస్తాడే" అన్నాడు. లైటు పట్టుకుని నిలబడింది ఆమె. మూతల అంచులు తెలియకుండా రంగు కలిపింది ఆమె. అప్పుడూ గ్రేవీ కలిపినట్టే, మాట్లాడకుండా కలిపింది. ఆమెకు చాలా సిగ్గుగా అనిపించింది.

"బాగా పరిగెడుతుందమ్మా" అంది గ్వెన్ కిటికీ దగ్గరకు వచ్చి. "మా మనవరాలు పదకొండు నెలలు దీన్లోనే కాలేజీకి వెళ్ళింది."

ఈ బండిలో ఏది గట్టిదో, ఏది బూటకమో తెలిసిన ఆడది ఈ భూమ్మీద తనొక్కతే. నోరు మూసుకుని కొనుక్కోవచ్చు. నోరు మూసుకుని వెళ్ళిపోనూవచ్చు. వెళ్ళిపోతే వచ్చే వారం ఇంకెవరి పిల్లో దీన్లో కూర్చుంటుంది.

రోవెనా దిగింది. "ముందువైపు ఎయిర్‌బ్యాగులు లేవండీ దీన్లో. వట్టి మూతలే" అంది. మూత అంచు దగ్గర గోరు పెట్టి చూపించింది.

గ్వెన్ వంగి ఆ అంచును తనూ వేలితో తడిమింది. మనవరాలి తల ఎక్కడ ఉండేదో కొలుచుకుంటున్నట్టు సీటు వైపు ఒకసారి చూసింది. "ఎవరు చేశారీ పని?" అంది చివరికి.

ఆర్లీన్ దగ్గింది. "ఎవరో ఏమిటో, మనకెలా తెలుస్తుంది అమ్మాయ్" అంది గబగబా.

పంతొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ "డ్వేన్ చేశాడండీ" అన్న మాట రోవెనా నాలుక చివరి దాకా వచ్చింది. అది నిజం కూడాను. అందులో సగం.

"మా షెడ్డులోనే జరిగింది. మూతలు బిగించింది నా మొగుడు. వాటి అంచులు కనబడకుండా రంగు వేసింది నేను. ఈ తలుపుకీ, ఆ రేకులకీ రంగు వేసిందీ నేనే. ఆ పని మాత్రం మంచిది" అంది.

"సొంత మొగుడి గురించి బయటివాళ్ళ ముందు అలా చెప్పడానికి నోరెలా వచ్చిందే?" అంది ఆర్లీన్.

గ్వెన్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "చెప్పకుండా కొనేసినా నాకు తెలిసేది కాదుగా" అంది.

"కొంటాను. తెలిసే కొంటాను. అమ్మకం కాగితం మీద మాత్రం ఉన్నదున్నట్టు రాయండి."

గ్వెన్ బస్సు డ్రైవర్ల పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. బ్యాగులు లేవనీ, రంగు పని చేసింది రోవెనా ప్రూయిట్ అనీ. తను చేసిన పని పక్కన తన పేరు కాగితం మీద చూడటం రోవెనాకు అదే మొదటిసారి. పక్కనున్నది మెచ్చుకోలు కాదు, అయినా రెండుసార్లు చదువుకుంది.

ఆర్లీన్ అప్పటికే ఫోను చేసి చెప్పినట్టుంది. కాగితం మడుస్తుండగానే డ్వేన్ పిలిచాడు.

"కొనేశావా? తోలకు రోవీ. దాన్లో బ్యాగులు లేవు" అన్నాడు. గొంతు తగ్గించి, "పొద్దున చెబుదామనే అనుకున్నాను" అన్నాడు.

"పొద్దున బండ్ల గురించి నాకేం తెలుసన్నావుగా."

ఫోనులో అవతల షెడ్డులో రేడియో మోగుతోంది.

"ట్రక్కు తీసుకురా. దీన్ని ఎక్కించుకుపోదాం" అంది రోవెనా. "సోమవారం స్కూలుకి కూడా దీన్ని ట్రక్కు మీదే తీసుకెళ్ళాలి. నేను చేసింది మంచీ చెడ్డా మొత్తం వాళ్ళు చూడాలి. బ్యాగులకు ఇవాళే ఆర్డరు పెట్టు. అవి వచ్చాక నేను బిగిస్తాను. లైటు నువ్వు పట్టుకో."