వంతెన మీద ఆరూ పదకొండు

మా ఆయన ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. సాయంత్రం ట్రిప్పు ఎప్పుడూ పడమటి వంతెన మీదుగానే. సూర్యుడు సరిగ్గా ఎదురుగా దిగుతుంటే, కళ్లకు అడ్డంగా అద్దం పైనున్న అట్ట దించుకుని, దాని కింది సందులోంచి రోడ్డు చూసుకుంటూ గడిపేశాడు. ఇంటికొచ్చి "ఆకాశం ఎంత బాగుందనుకున్నావ్" అనేవాడు. సరిగ్గా చూశారా అంటే, "వెనక అరవై మందిని కూర్చోబెట్టుకుని ఎలా చూస్తానే?" అని నా మీదే విసుక్కునేవాడు.

రిటైరయ్యే నెలలో పొద్దుటి డ్యూటీ వేయించుకుని, ఓ పాత డిజిటల్ కెమెరా కొన్నాడు. డిపోలో కొత్తగా వెయిటింగ్ హాలు కట్టారు. దాని గోడకు పెద్ద ఫోటో కావాలంటే, "మన వంతెన మీది సూర్యాస్తమయం నేను తీసిస్తాను" అని నలుగురిలో మాటిచ్చేశాడు. మేనేజరు సరేనన్నాడు గానీ, శుక్రవారం పొద్దున్నకల్లా మంచి ఫోటో రాకపోతే ఏదో సముద్రం బొమ్మ కొని తగిలించేస్తానన్నాడు. మా ఊళ్లో సముద్రమే లేదు.

పది సాయంత్రాలు తీశాడు. ఒక్క ఫోటోలోనూ ఆకాశంలో రంగు లేదు. నీళ్లు ఎక్కువైన టీలా ఉంది. గురువారం మధ్యాహ్నం నేను పనిచేసే షాపుకొచ్చి, కెమెరా కౌంటరు మీద పెట్టి, "నావల్ల కాదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ కెమెరా మీద.

నేను పెయింట్ల షాపులో రంగులు కలుపుతాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ... కాదేమిటి, గొప్పే చెప్పుకుంటున్నాను, ఈ ఊళ్లో సగం గోడలు నా చేతిమీదుగా వెళ్లినవే. కెమెరా తెర మీద 'ఆటో' అని చూడగానే సంగతి బోధపడింది. ఎర్రటి వెలుగు కనబడితే చాలు, అదేదో పొరపాటనుకుని తెల్లగా దిద్దిపెడుతోందది.

"దీని అతితెలివి ముందు ఆపండి. ఆటో తీసేసి, తెర మీద దాని పక్కనున్న ఎండ బొమ్మ మీద పెట్టండి. సాయంత్రం నేనూ వస్తాను" అన్నాను. వస్తూ వస్తూ, ఆ ఆకాశానికి అచ్చంగా సరిపోయే నారింజ రంగు కార్డొకటి షాపులోంచి సంచిలో వేసుకున్నాను. ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

ఆరు గంటలకు వంతెన మీద కాలిబాట పక్కన నిలబడ్డాం. మబ్బులు పలచగా విడిపోయి ఉన్నాయి. ఆయన ఎండ బొమ్మ మీద పెట్టి ఒకటి తీశాడు. నేను కార్డు తీసి తెర పక్కన పెట్టాను.

"చాలదండీ. ఇంకా ఎరుపు రావాలి."

ఆయన ఇంకాస్త ఎరుపు కలిపే మబ్బు బొమ్మకు మార్చాడు. "ఇంకా" అన్నాను. నీడ బొమ్మకు మార్చాడు. ఈసారి వచ్చిన ఫోటోలో ఊరు ఊరంతా తగలబడిపోతున్నట్టుంది.

ఆయన నా చేతికేసి చూసి, "నీ కార్డు సంగతి చూడు. నీ చెయ్యి కూడా ఎర్రగానే ఉంది కదే" అన్నాడు.

చూశాను. చెయ్యి, ఆయన తెల్ల చొక్కా, కార్డు, అన్నీ ఆ వెలుగులో ఎర్రబడి ఉన్నాయి. షాపులో చూసిన రంగు కాదది. ఒక దీపం కింద చూసిన రంగును ఇంకో దీపం కింద నమ్మొద్దని రోజూ వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకేది నేనే. సిగ్గుతో కార్డు సంచిలో పడేసి నోరు మూసుకున్నాను. మా కాపురంలో అది రెండోసారి అనుకుంటాను.

సూర్యుడు మేడల అంచు మీదికి వచ్చేశాడు. ఆయన మళ్లీ ఎండ బొమ్మకు తిప్పాడు. వెలుగు తగ్గించే మీట మూడుసార్లు నొక్కి, "అట్ట కాస్త దించాలి, అంతే" అని తనలో తను అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఒకటే ఫోటో తీశాడు. మేడలు, వాటి మధ్య టవరు నల్లగా, పైన బంగారం, ఆపైన నారింజ, అన్నిటికన్నా పైన లేత వంకాయ రంగు. వంతెన దిగుతున్న బస్సుల కిటికీల్లో తలా కాస్త వెలుగు.

"ఇదే" అన్నాడు.

శుక్రవారం అది చూశాక మేనేజరు సముద్రం ఊసెత్తలేదు. సోమవారం గోడ నిండా బిగించారు. నేను షాపుకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. డ్యూటీ దిగిన డ్రైవర్లు ముగ్గురు దాని ముందు ఆగిపోయారు.

"ఆరూ పది. వంతెన దిగే చోటు" అన్నాడు ఒకడు.

"పో బాబూ, ఆరూ పన్నెండు. సూర్యుడు టవరు పక్కకొచ్చేశాడుగా."

"ఆరూ పదకొండు" అన్నాడు మా ఆయన, చేతులు కట్టుకుని.

మూడో అతను ఫోటో దగ్గరికెళ్లాడు. చాలాసేపు చూసి, "రోజూ దీనికి ఎదురుగానే వెళ్తాను అన్నా. ఇవాళే చూస్తున్నా" అన్నాడు.

మా ఆయన తల తిప్పేసుకున్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. బెంచీ మీద ఎవరో ఒకావిడ బస్సు కోసం చూస్తోంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. అయినా వెళ్లి పక్కన కూర్చుని, "అది తీసింది మా ఆయనేనండీ" అని చెప్పాను.