మిగిలిన ముక్క

కొత్త అల్లుడు కెంజెబెక్ చేసిన తప్పల్లా ఒకటే. అత్తవారి డేరాలో అడుగుపెట్టిన పూటే, పులిసిన గుర్రప్పాలు, కుమిస్, రెండు గిన్నెలు కడుపులో పడగానే, కోతలు కోయడం మొదలుపెట్టాడు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఆయుధాల గది తన చేతిలోనే ఉండేదట. కళ్ళకు గంతలు కట్టినా తుపాకీ విప్పి బిగించేస్తాడట. నిజానికి అతడు పనిచేసింది వంటశాలలో. తుపాకీ విప్పడం నేర్పారు, నిజమే, అందరితోపాటు.

మామగారు ఒరోజాలీ అన్నీ విని మీసం దువ్వుకున్నాడు. మర్నాడు పొద్దున్నే తన పాత కార్బైన్ తుపాకీ తెచ్చి అల్లుడి ఒళ్ళో పెట్టాడు.

"కాస్త శుభ్రం చెయ్యి నాయనా. తోడేలు మళ్ళీ మంద మీద పడింది. సాయంత్రం దాని సంగతి చూడాలి."

డేరా ముందు కంబళి పరుచుకుని కెంజెబెక్ కూర్చున్నాడు. లోపల తూటా లేదని చూసుకున్నాడు. పై మూత తీశాడు, స్ప్రింగు లాగాడు, బోల్టు బయటికి తెచ్చాడు. అన్నీ కిరసనాయిలుతో తుడిచి పక్కన పేర్చాడు. గొట్టంలో గుడ్డ చుట్టిన ఊచ దూర్చి లాగితే మసి అంతా ఊడి వచ్చింది. ఫర్వాలేదు, చేతులు మరిచిపోలేదు అని లోలోపల పొంగిపోయాడు.

అంతలో మరదలు బెర్మెత్ టీ తెచ్చింది. బావను ఏడిపించడం మరదలి హక్కు. ఆ హక్కును ఆమె ఏనాడూ వృథా పోనివ్వలేదు.

"గంతలు కట్టమంటావా బావా? నా రుమాలు ఉంది."

"టీ అక్కడ పెట్టి దయచెయ్యి తల్లీ."

"పోతాలే. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోతే మాత్రం కేకెయ్యి."

ఆమె వంగి గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. కెంజెబెక్ బిగించడం మొదలుపెట్టాడు. అన్నీ వాటి చోట్లలో చక్కగా కూర్చున్నాయి. చివరికి కంబళి మీద ఒక మరమేకు మిగిలింది.

మళ్ళీ మొత్తం విప్పాడు, మళ్ళీ బిగించాడు. మర మళ్ళీ మిగిలింది. నూనె పూసుకుని నిగనిగలాడుతూ అతడి వంకే చూస్తున్నట్టుంది. అడుగుదామంటే నిన్నటి కోతలు గొంతుకు అడ్డం పడుతున్నాయి. ఎవరూ చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం ఒరోజాలీ గుర్రమెక్కాడు. కార్బైన్ అందుకుని, "భేష్, అద్దంలా చేశావ్" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు కెంజెబెక్ ముఖం పాలిపోయింది. తోడేలు మీద గురిపెట్టిన తుపాకీ మామ ముఖం మీదే పేలితే? గుర్రం నాలుగడుగులు వేసిందో లేదో, పరుగెత్తి కళ్ళెం పట్టుకున్నాడు.

"ఆగండి మామయ్యా! పేల్చకండి. ఇది మిగిలిపోయింది. ఎక్కడిదో నాకు తెలీదు. నేను ఆయుధాల గదిలో పనిచెయ్యలేదు. బంగాళాదుంపలు ఒలిచాను, అంతే!"

డేరా వెనక బెర్మెత్ నవ్వు ఆపుకోలేక కూలబడింది. అత్తగారు సలీమా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, మర లాక్కుని కూతురి మీద విరుచుకుపడింది.

"దొంగముండా! మళ్ళీ నా మీగడ తీసే యంత్రానిదే దొరికిందా నీకు? పెద్దల్లుడు ఇలాంటిదాన్నే వాగులో గిరాటేశాడు. రెండోవాడు ఎక్కడ పాతిపెట్టాడో ఇప్పటికీ చెప్పడు. అల్లుడు వచ్చినప్పుడల్లా కొత్త యంత్రం కొనలేక చస్తున్నాను!"

సిగ్గుతో కెంజెబెక్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మామ ప్రాణానికి ముప్పు లేదని తెలిసి, అంత నవ్వుల మధ్యా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇటివ్వండి మామయ్యా, ఇంకోసారి విప్పి చూస్తాను."

"వద్దు" అన్నాడు ఒరోజాలీ. "ఆ ఇద్దరూ బిగించినప్పుడు, వాళ్ళకి తెలీకుండా కొండ చాటుకెళ్ళి మొత్తం విప్పి చూసుకున్నాను. నోరు విప్పనివాడి పనిని నమ్మేదెలా? నీది విప్పను."

తూటా ఎక్కించాడు. తుపాకీ మడమను భుజానికి, చెంపకు గట్టిగా ఆనించి, వాగు అవతలి బండరాయికి గురిపెట్టాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నవాడు కెంజెబెక్ ఒక్కడే.